ఓరుగల్లు ముచ్చట్లు - 17: బందరు రేవు వెనుక మన నేల



ఈ మధ్య మా దిక్కు ఏ హోటల్ల నలుగురు కూడినా మూడే ముచ్చట్లు. మామునూరు ఎయిర్‌పోర్టు, గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు, డ్రైపోర్టు. మొన్న గీసుగొండ దిక్కు ఒక మీటింగులో డ్రైపోర్టు గురించి చెబుతుంటే ఒక పెద్దమ్మ అడిగింది: "నీళ్లు లేకుండ రేవేంది బిడ్డా?" అందరూ నవ్విన్రు. నాకు మాత్రం ఆ ప్రశ్న దగ్గరే ఈ వ్యాసం మొదలైంది. ఎందుకంటే ఓరుగల్లుకు నీళ్లు లేని రేవు కొత్త కాదు. ఏడు వందల ఏళ్లుగా మనం ఏదో ఒక రేవుకు వెనుక నేలగానే బతికినం. దాని లెక్క మనకు ఎవ్వరూ చెప్పలేదు.

ముందు ఇయ్యాల్టి సంగతి. 2023 జులై 8న ప్రధానమంత్రి వరంగల్ వచ్చి నాగపూర్-విజయవాడ కారిడార్‌లో మంచిర్యాల-వరంగల్ ముక్కకు శంకుస్థాపన చేసిండు. 108 కిలోమీటర్లు. అదే రోజు కాజీపేట రైల్వే ఫ్యాక్టరీకి కూడా. ఆ రోడ్డు మనల్ని దాటి ఖమ్మం మీదుగా విజయవాడ పోతది. విజయవాడ నుంచి బందరు ఎంత దూరం? డెబ్బై కిలోమీటర్లు. ఇంకోపక్క తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ నుంచి బందరు దాకా 12 లేన్ల గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు, ఇక్కడ డ్రైపోర్టు కావాలని కేంద్రాన్ని అడుగుతున్నది. బందరు పోర్టుకు 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి శంకుస్థాపన అయింది. మూడు పార్టీల ముఖ్యమంత్రులు మూడుసార్లు కొబ్బరికాయ కొట్టిన్రు. ఈసారి పనులు నడుస్తున్నయి కాబట్టి రేవు లేస్తది అనుకుందాం. లేస్తే దాని వెనుక ఉండే నేల మనదే.

వెనుక నేల అంటే ఏందో చరిత్రలోంచి చెబుతా. కొంచెం ఓపిక పట్టండి.

కాకతీయుల రేవు మోటుపల్లి. ఇప్పుడు బాపట్ల జిల్లాలో చిన్న ఊరు. 1244-45లో గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించిండు. అంతకుముందు రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలోని సరుకంతా గుంజుకునేవాళ్లట. ఇక అట్ల చేయం, ముప్పయ్యో వంతు సుంకం కట్టి మీ వ్యాపారం మీరు చేసుకోండి అని పరదేశి వర్తకులకు మాట ఇచ్చిండు. మంచి పనే. ఓరుగల్లు వైభవం గురించి పుస్తకాలు రాసే పెద్దలందరూ ఈ శాసనాన్ని ఎత్తి చూపుతరు. నేను ఆ శాసనం గురించి చదివిన ప్రతిసారి ఒకటే వెతుకుత: వర్తకునికి అభయం దొరికింది, మరి మూట మోసినోనికి? ఆ సరుకు ఓరుగల్లు నుంచి సముద్రం దాకా తనంతట తాను నడుచుకుంట పోలేదు కదా.

తర్వాత గోల్కొండ కాలంలో బందరు, అంటే మచిలీపట్నం, పెద్ద రేవైంది. 1605-06లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు, 1669లో ఫ్రెంచివాళ్లు వచ్చి కోఠీలు పెట్టిన్రు. మన ముసలోళ్ల భాషలో డచ్చివాళ్లు వలందులు, ఫ్రెంచివాళ్లు పరాసులు. బందరుకు పోతే ఇప్పటికీ వలందపాలెం ఉంటది, పరాసుపేట ఉంటది, ఇంగ్లీషుపాలెం ఉంటది. కొనడానికి వచ్చినోళ్ల పేర్లన్నీ ఊరి మీద ఉన్నయి. మోసుకొచ్చినోళ్ల పేరుతో ఒక్క పేట నాకు కనబడలేదు.

పెగూ, అరకాన్, సయాం, మక్కా, సుమత్రా, మనీలా దాకా బందరు నుంచి ఓడలు పోయేవని తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి రాసుకున్నడు. ఏం పోయేవి ఆ ఓడల్లో? గుడ్డలు. చిరివేరుతో ఎర్రరంగు అద్దిన గుడ్డలు. నీలిమందు. వజ్రాలు. అవి ఒక్కటీ సముద్రంలో పుట్టినవి కావు. కొల్లూరు గనిలో ఆడ మగ పిల్లలు కలిపి 60,000 మంది పని చేస్తున్నరని అదే తావెర్నియే లెక్క. నీలిమందు కోసం, గుడ్డల కోసం వలందులు బందరులో కూచోలేదు, లోపలికి వచ్చిన్రు. మన ఖమ్మం జిల్లా చింతకాని మండలంలో నాగులవంచ ఉన్నది చూడండి, అక్కడ కోఠీ కట్టిన్రు. 1680ల దాకా నడిచింది. 1953 అక్టోబర్ 1 దాకా ఖమ్మం మన వరంగల్ జిల్లాలోదే. అంటే మా జిల్లాలో డచ్చి కంపెనీ గోదాం ఉండేది. బళ్లో పదేళ్లు చదివిన, ఈ ముక్క ఒక్క సారూ చెప్పలేదు. పానిపట్టు యుద్ధాలు మాత్రం మూడూ బట్టీ పట్టించిన్రు.

ఈ వర్తకంలో మనోళ్లు ఎక్కడున్నరు? అన్నిచోట్లా ఉన్నరు, లెక్క పుస్తకంలో తప్ప. నేత అంటే పద్మశాలి, దేవాంగ అని అంటరు, నిజమే. కానీ ముతక గుడ్డ నేసింది మాలలు. మాలవాడల్లో మగ్గం గుంతలు ఉండేవి. పొలాలకు నీళ్లు తోడే మోట బొక్కెన మాదిగ చేతి పని. నెయ్యి, నూనె పోసుకుపోయే తోలు సిద్దె మాదిగ పని. ఎద్దు మెడకు పట్టెడ, గుర్రానికి జీను, సిపాయి కాలికి చెప్పు అన్నీ మన లందల్లో నానిన తోలే. బేగారు సంగతి చెప్పనే అక్కర లేదు. సర్కారు దొర ఊరు దాటుతుంటే మూట మోయాలె, పొలిమేర దాకా తోవ చూపించాలె, కూలి అడగొద్దు. మెదక్ దిక్కు బేగరి అని ఇంటిపేరే ఉన్నది. ఎవరో దొర బరువు మోసిన పని మనుమల ఇంటిపేరై కూచున్నది.

లంబాడీలను మరవొద్దు. రోడ్డు లేని దేశంలో వేల ఎద్దుల మీద తీరం నుంచి ఉప్పు లోపలికి, లోపలి నుంచి ధాన్యం బయటికి తోలింది వాళ్లు. ఒక్కో మందలో పది, పన్నెండు వేల ఎద్దులు ఉండేవని తావెర్నియే చూసి రాసిండు. టిప్పు మీద యుద్ధాలప్పుడు ఇంగ్లీషు దండుకు గింజలు అందించింది కూడా బంజారాలే. వాళ్లు లేకుంటే కారన్‌వాలిస్ దండు ఆకలితో పండుకునేది. మరి పని అయిపోయినంక ఏమైంది? రోడ్లు పడ్డయి, రైలు వచ్చింది, ఎద్దు మీది బతుకు పోయింది. ఆపైన మద్రాసు రాజధానిలో నేరస్థ తెగల చట్టం కింద వాళ్లనే దొంగల జాబితాలో రాసిన్రు. దండుకు అన్నం పెట్టినోడు పోలీస్ స్టేషన్‌లో హాజరు వేయించుకోవాలె.

ఇంకొకటి చెబుతా, ఇది చెప్పడానికి కష్టంగా ఉంటది. కరువు ఏళ్లల్లో ఈ కోరమాండల్ తీరం నుంచి వలందులు మనుషులను కొని బటావియాకు, ఇంకా ఎక్కడెక్కడికో బానిసలుగా ఓడలెక్కించిన్రు. కరువు వస్తే ముందు ఎవరి ఇంట్లో గింజ అయిపోతదో, ఎవరి పిల్లలు అమ్ముడుపోతరో నేను విడమరిచి చెప్పాల్నా? గుడ్డ, నీలిమందు, వజ్రం, మనిషి. వెనుక నేల అన్నీ పంపింది.

ఇక దండు సంగతి.

1750లో బందరు ఫ్రెంచివాళ్ల చేతికి పోయింది. వెంటనే వాళ్లకు అర్థమైంది, రేవు ఒక్కటే ఉంటే లాభం లేదని. సిపాయికి జీతం కావాలె, ఎద్దుకు గడ్డి కావాలె, తిండి కావాలె. అవన్నీ శిస్తు నుంచి రావాలె. అందుకే బుస్సీ నిజాం సలాబత్ జంగ్ దగ్గర ఉత్తర సర్కార్లు రాయించుకున్నడు. 1759 ఏప్రిల్‌లో ఫోర్డ్ అనే ఇంగ్లీషు కర్నల్ రాత్రిపూట కోట మీద పడి బందరు గుంజుకున్నడు. నెల తిరగ్గానే, మే 14న, అదే సలాబత్ జంగ్ ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చిన కాగితంలో ఏమున్నదో చూడండి: మచిలీపట్నం సర్కారు ఎనిమిది జిల్లాలతో సహా, నిజాంపట్నం సర్కారు, కొండవీడు, వకాలమన్నాడు. తీరం పొడుగునా సుమారు 80 మైళ్లు, లోపలికి 20 మైళ్లు. ఇనాం కింద! గెలిచింది కోట, తీసుకున్నది నేల.

సరిగ్గా ఇదే పని నూరేళ్ల తర్వాత హాంకాంగ్‌లో చేసిన్రు. ముందు దీవి తీసుకున్నరు. ఎదురుగా ఉన్న కౌలూన్ గట్టు మీద ఎవడన్నా ఫిరంగి పెడితే రేవులోని ఓడ మునుగుతదని 1860లో దాన్ని తీసుకున్నరు. అదీ సరిపోక 1898లో దాని వెనుక పల్లెలన్నీ 99 ఏళ్ల కౌలుకు రాయించుకున్నరు. మరుసటేడు ఆ పల్లెల రైతులు తిరగబడితే తుపాకులతో అణిచిన్రు. రేవు పట్టినోడు ఎప్పుడైనా నేల కోసం వస్తడు. ఇనాం అంటడు, కౌలు అంటడు, ఇప్పుడు కారిడార్ అంటున్నడు.

మన దగ్గర 1766లో నిజాం అలీ ఖాన్‌తో ఒప్పందమై సర్కార్లు కంపెనీకి పోయినయి. హైదరాబాద్ రాజ్యానికి సముద్రం తెగిపోయింది. 1802లో ఇంకో ఒప్పందం. అందులో బందరు రేవును నిజాం స్వేచ్ఛగా వాడుకోవచ్చు, అక్కడ తన మనిషిని పెట్టుకోవచ్చు అని రాసిన్రు. చూసిన్రా? నిన్నటిదాకా తన రేవు, ఇప్పుడు వాడుకోవడానికి పర్మిషన్. అప్పటి నుంచి 1948 దాకా నిజాంలకు సముద్రం మీద ఆశ పోలేదు. ఆఖరి ఏడు పోర్చుగల్ వాళ్లతో గోవా రేవు కోసం కూడా మాట్లాడించిన్రు. సముద్రం పోయిందని నవాబు ఏడ్చింది చరిత్రకు ఎక్కింది. ఆ రాజ్యంలో ఊరి బావి దగ్గరికి కూడా రానియ్యని మనోళ్ల ఏడుపు ఎక్కలేదు.

ఆ దండులో మనోళ్లు కూడా ఉన్నరు. దాచేదేం లేదు. మద్రాసు సైన్యంలో మాలలు, పరయర్లు సిపాయిలుగా చేరిన్రు. బాబాసాహెబ్ ఈ సంగతి మొహమాటం లేకుండా రాసిండు: ప్లాసీలో క్లైవ్ పక్కన నిలిచింది దుసాధులు, కోరేగాంలో నిలిచింది మహార్లు, ఈ దేశం ఇంగ్లీషువాళ్లకు దక్కడంలో అంటరానోళ్ల చెయ్యి ఉన్నదని. దీన్ని పట్టుకుని ఇప్పుడు కొందరు మనల్ని దేశద్రోహులంటరు. ఊర్లో చెప్పులు చేత పట్టుకుని నడిపించినోళ్లు, తుపాకీ చేతికిచ్చి బూటు తొడిగినోని వెంట ఎందుకు పోయినవని అడుగుతున్నరు! సైన్యంలో చదువు దొరికింది, జీతం దొరికింది, యూనిఫాం దొరికింది. అంతే. అది కూడా ఎన్ని రోజులు? 19వ శతాబ్దం చివరికి యుద్ధ జాతులు అనే సిద్ధాంతం తెచ్చి 1892లో మహార్ల భర్తీ ఆపిన్రు. తెలుగోళ్ల భర్తీ కూడా సన్నగిల్లింది. దేశం పట్టుబడ్డంక మనోళ్ల చేతిలోని తుపాకీ తీసేసుకున్నరు. లంబాడీకి జరిగిందే మనకూ జరిగింది. ఈ పోలిక నేను కావాలనే పెడుతున్న. ఈ రోజుల్లో మనల్ని మనం విడదీసుకునే ముచ్చట్లు ఎక్కువైనయి గనుక.

రైలు కూడా మొదట దండు కోసమే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు లైను వేసిన్రు. సికింద్రాబాద్ కంటోన్మెంటును బొంబాయి-మద్రాసు లైనుకు కలపాలని ఒత్తిడి చేసింది బ్రిటిష్ రెసిడెంటు, డబ్బు పెట్టింది హైదరాబాద్. 1883లో చాందా రైల్వే పథకం వచ్చినప్పుడు దాని లెక్కలు ఏందో జనానికి చెప్పండి అని అడిగినందుకు అఘోరనాథ్ చటోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడు తండ్రిని, రాజ్యం నుంచి వెళ్లగొట్టిన్రు. ప్రాజెక్టు లెక్క అడిగితే అభివృద్ధి నిరోధకుడు అనడం అప్పటి నుంచే ఉన్నది. 1886కు రైలు వరంగల్ వచ్చింది, 1889కి బెజవాడ చేరింది. మధ్యలో ఇల్లందు బొగ్గు. 1871లో కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కనిపెట్టిన బొగ్గు, 1886లో ఇంగ్లండు కంపెనీ చేతికి. ఆ తర్వాత కాజీపేట-బల్లార్షా లైను పడి ఢిల్లీ-మద్రాసు తోవ మన మీదుగా పోయింది. 1948 సెప్టెంబర్‌లో యూనియన్ సైన్యం హైదరాబాద్ మీదికి వచ్చిన తోవల్లో ఒకటి ఈ బెజవాడ దిక్కే. వర్తకం ఏ తోవన పోయిందో దండు ఆ తోవనే వచ్చింది. మామునూరు చూడండి: నిజాం కాలం రన్‌వే, పక్కనే స్పెషల్ పోలీస్ నాలుగో బెటాలియన్. ఇప్పుడు ఎయిర్‌పోర్టు కోసం ఇంకో 250 ఎకరాల పైచిలుకు భూమి.

ఇంత రైలు, ఇంత బొగ్గు, ఇంత పత్తి ఉండి వరంగల్‌కు ఏం మిగిలింది? 1934లో ఆజంజాహి మిల్లు వచ్చింది. ఊరికి పొద్దు తెలిసేది దాని సైరన్‌తోనే అంటరు పెద్దలు. మూడు షిఫ్టుల్లో వేల మంది బతికిన్రు. 2002కు మూతపడ్డది, జాగలు ప్లాట్లైనయి. 1997-98లో పురుగుమందు తాగి చచ్చిన పత్తి రైతులతో వరంగల్ పేరు దేశమంతా తెలిసింది. 2017 అక్టోబర్‌లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాదిరాయి పడ్డది, గీసుగొండ, సంగెం మండలాల్లో వెయ్యి ఎకరాలకు పైనే. భూమి ఇచ్చిన ఊర్ల పిల్లలు అక్కడ ఏ పనిలో ఉన్నరో గేటు దగ్గర గంటసేపు నిలబడి చూడండి. ఎనుమాముల మార్కెట్‌కు పోయి మిర్చి బస్తాలు ఎత్తే హమాలీలను, బయట ఘాటుకు దగ్గుకుంట మిర్చి ఏరే అమ్మలను చూడండి. అడిగితే కులం చెప్పరు, అడగకుండనే తెలుస్తది.

నేను రోడ్డుకు, రేవుకు వ్యతిరేకిని కాదు. సరుకు పోవాలె, పని రావాలె. ఎద్దుబండి రోజులే బాగుండేవి అనే కవిత్వం నాకు పడదు, ఆ బండి కింద నలిగింది మనమే. నా తకరారు వాటా గురించి. ఇప్పుడు వచ్చే రోడ్డు సర్వేలో మొదట గుర్తుపెట్టేది ఎవరి భూమి? పెద్దోని మామిడితోట దగ్గరికి వచ్చేసరికి అలైన్‌మెంట్ ఎట్ల వంకర తిరుగుతదో మనం చూసినం. అసైన్డ్ భూమి దగ్గర మాత్రం తిన్నగా పోతది. ఎందుకంటే అది "ప్రభుత్వ భూమి" అని ఆఫీసుల్లో అనుకుంటరు. మా పెద్దనాయనకు పట్టా ఇచ్చిన ఎకరం ముప్పై గుంటలు ఒక కాలువ కింద పోయింది. పక్క పట్టాదారుకు పరిహారం చెక్కు వచ్చింది. మా పెద్దనాయనకు "నీది సర్కారు ఇచ్చిందే కదా, సర్కారు తీసుకున్నది" అనే మాట వచ్చింది. ఆయన చనిపోయేదాకా ఆ కాలువ నీళ్లు తాగలేదు.

ఆ మాట చట్టం ముందు నిలవదు. 2004లోనే మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చి చెప్పింది: ప్రజా ప్రయోజనం కోసం అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలె. 2013 భూసేకరణ చట్టం ప్రభుత్వ పథకం కింద భూమి పొందిన కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగా లెక్కలోకి తీసుకుంటది. కూలీలను, కౌలుదార్లను కూడా. ఇది తెలియక వదిలేసుకున్న ఇండ్లు ఎన్నో. తెలిసి కూడా చెప్పని అధికారులు ఎందరో.

పరిహారంతో ఆగొద్దు అని నా అభిప్రాయం. డ్రైపోర్టు వస్తే గోదాములు వస్తయి, లారీలు వస్తయి, క్లియరెన్స్ ఏజెన్సీలు, కోల్డ్ స్టోరేజీలు, కాంటాలు వస్తయి. అసలు డబ్బు అక్కడ ఉంటది. మూట ఎత్తేకాడ ఉండదు. మనల్ని మళ్లీ హమాలీ, సెక్యూరిటీ గార్డు, స్వీపర్ దగ్గర నిలబెట్టి "స్థానికులకు ఉపాధి" అని బోర్డు పెడుతరు. 2014లో టీ-ప్రైడ్ అని దళిత, గిరిజన పారిశ్రామికుల కోసం పాలసీ తెచ్చిన్రు. దాని కింద ఈ కారిడార్ పొడుగునా ఎన్ని గోదాములు, ఎన్ని ప్లాట్లు మనకు ఇస్తరో మొదటి టెండర్ కంటే ముందు రాతపూర్వకంగా చెప్పాలె. 1759 కాగితంలో మనం లేము. 1802 కాగితంలో లేము. రైలు కాగితంలో లేము. ఈ కాగితం ఇంకా టైపు అవుతున్నది.

ఇక పని ముచ్చట. జాతీయ రహదారి కోసమైతే నోటిఫికేషన్ పడ్డ 21 రోజుల్లో అభ్యంతరం పెట్టాలె. 2013 చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ అయితే 60 రోజులు. ఏ చట్టం కింద నోటీసు వచ్చిందో మొదట చూసుకోండి. అభ్యంతరం నోటితో చెప్పి రావొద్దు, రాసిచ్చి రసీదు తీసుకోండి. అసైన్డ్ పట్టా కాగితం చెదలు తిన్నోళ్లు, తండ్రి పేరు మీదనే ఉండిపోయినోళ్లు బుగులు పడొద్దు. తహసీల్ ఆఫీసులో అసైన్‌మెంట్ రికార్డు నకలు కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుకోండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు. తెల్లకార్డు జత చేస్తే అది కూడా అక్కర లేదు. రాయడం రానోళ్లు వచ్చే ఆదివారం పొద్దున పదింటికి వాడలోని అంబేద్కర్ భవనానికి రండి, మన పిల్లలు కూచుని రాసిపెడుతరు. వచ్చేటప్పుడు ఆధార్ జిరాక్సు, పాస్‌బుక్కు ఉంటే అదీ, భూమికి నాలుగు దిక్కులా ఎవరున్నరో వాళ్ల పేర్లూ పట్టుకురండి.